నేర్వకుంటనే స్కీయింగ్: కొడిమ్యాల తమ్మునికి పక్కా చిట్కాలు

మే నెలల 45 డిగ్రీల ఎండకు మాడే ఊర్ల పుట్టినోనికి మంచు సంగతి ఏం తెలుసని ఎవడన్న అంటే నవ్వి ఊరుకో తమ్మీ. తెల్వకపోవుడే నీ బలం. తెలిసినోడు మంచును చూస్తడు, వాలును చూస్తడు, గాలి ఎటు కొడుతున్నదో చూస్తడు, చూసి చూసి సగం రోజులు హోటల్లనే కూసుంటడు. నీకు ఆ బాధ లేదు. నాచుపల్లి ఇంజినీరింగ్ కాలేజీల నాలుగేండ్లు గడిపి, హైదరాబాద్‌ల నౌకరి పట్టి, ఇద్దరు సోపతిగాళ్ళను జమ చేసుకొని కాశ్మీర్‌ల ఉన్న గుల్‌మార్గ్ పోతున్నవు. ఆడ యంత్రం తోని చదును చేసిన వాలు పిల్లలకు, కొత్త పెండ్లి జంటలకు. ఏ యంత్రం తిరగని, నాలుగు గజాలు పొడి, నాలుగు గజాలు గడ్డ, నాలుగు గజాలు జావ ఉండే ఖుల్లా మంచు ఉన్నది చూడు, అదే మనది. కింద చెప్పినయి చెప్పినట్టు చెయ్యి. నేర్చుకునే తిప్పలు తప్పుతది, ఫోటో మిగులుతది.

1. ముందుగాల అనుభవం సంపాదించు, కూసున్న కాడనే.

హైదరాబాద్‌ల స్నో వరల్డ్‌కు పోయి, కిరాయి కోటు ఏసుకొని గంట సేపు వణికినవు గదా. దాన్ని బేసిక్ కోర్సు అని రాసుకో. బావ దుబాయిల ఉంటే ఇంకా మంచిది. మాల్ ఆఫ్ ది ఎమిరేట్స్‌ల 2005ల తెరిచిన స్కీ దుబాయి ఉన్నది. 85 మీటర్ల ఎత్తు, ఐదు వాలులు, అన్నిట్ల పొడుగుది 400 మీటర్లు. బావ లోపటికి పోలేదు, టికెట్ పైసలతోని ఇంటికి రెండు దినాల ఖర్చు ఎల్లుతదని అద్దం ఇవతలనే నిలబడి చూసిండు. పర్వాలేదు, చూసుడు గూడ అనుభవమే. ఆడ గాలి లేదు, ఎండ లేదు, చలి ఎప్పుడూ సున్నాకు కొంచెం కిందనే, మంచు ఏ పూట చూసినా ఒక్క తీరుగనే ఉంటది. బావ ఫోన్ల పంపిన వీడియో నాలుగు సార్లు చూడు. గుల్‌మార్గ్ మీది అఫర్వత్ కొండ గూడ గంతే అనుకో. ఆ అనుకొనుడు ముందట మస్తు పనికొస్తది.

2. కోర్సుల జోలికి పోకు.

గుల్‌మార్గ్‌ల కేంద్ర పర్యాటక శాఖ కింద స్కీయింగ్ సంస్థ ఉన్నది. రెండు వారాల కోర్సు పెడతది, పొద్దుగాల లేపుతది, కొండ ఎక్కిపిస్తది, దిగిపిస్తది. సైన్యం ఆడ 1948ల స్కీ బడి మొదలుపెట్టింది, అదే ఇప్పటి హై ఆల్టిట్యూడ్ వార్‌ఫేర్ స్కూల్. డెబ్బై ఏండ్లకు మించి నేర్పుతనే ఉన్నరంటే అది ఎప్పటికీ అయిపోని చదువు అన్నట్టు. అసొంటి చదువు మనకెందుకు?

ఆరిఫ్ ఖాన్‌ను చూడు. ఆ దిక్కు పిలగాడే, చిన్నప్పటి నుంచి అదే మంచుల పెరిగిండు. 2022ల బీజింగ్ ఒలింపిక్స్‌కు పోతే జెయింట్ స్లాలమ్‌ల 45వ స్థానం వచ్చింది. స్లాలమ్ అయితే పూర్తే కాలేదు. ఇన్నేండ్ల కష్టానికి 45. నువ్వు ఏం నేర్వకుంట పోయినా కొడిమ్యాల మండలంల నంబర్ వన్ నువ్వే, పోటీకి ఇంకొకడు లేడు. ఏది లాభమో లెక్క చేసుకో.

కోర్సు బదులు కొండగట్టు అంజన్నకు ఒక కొబ్బరికాయ మొక్కు. సంజీవని కొండ మోసుకపోతుంటె ముక్క ఇరిగి పడ్డదే కొండగట్టు అని పెద్దలు చెప్తరు గదా. ఆయన కొండనే ఎత్తుకపోయిండు. నువ్వు కొండ దిగుతె చాలు.

3. సీజన్ తోక పట్టుకో.

కాశ్మీరోళ్ళు డిసెంబర్ 21 నుంచి నలభై దినాలను చిల్లై కలాన్ అంటరు. ఆ గడ్డకట్టే చలిల పడ్డ మంచు పొడిగ, తేలికగ ఉంటది. దాని ఎనుక ఇరవై దినాలు చిల్లై ఖుర్ద్, ఇంకో పది దినాలు చిల్లై బచ్చా. ఇవన్ని ఒడిసినంక మార్చి నడుమల పో. హోటల్ అగ్గువ. మంచు గూడ పాతబడి, కరిగి, మల్ల గడ్డకట్టి, గాలికి చెక్కుకుపోయి రకరకాలుగ తయారై ఉంటది.

అసలు మంచే లేకపోతే నీ అదృష్టం. 2025 ఫిబ్రవరిల మంచు చాలక గుల్‌మార్గ్‌ల కావాల్సిన ఖేలో ఇండియా శీతాకాల ఆటలు మార్చికి జరిగినయి. ఆ పేపర్ కటింగ్ ఫోన్ల దాచుకో. సర్కారు ఆటలే ఆగినయంటే నువ్వు ఆగుడు తప్పెట్ల అయితది?

4. బట్టలు నూలువే ఏసుకో.

నూలు బనీను, దాని మీద నూలు అంగి, కింద జీన్స్. చెమట పడితే నూలు పీల్చుకొని తడిగనే ఉంటది, ఆ తడి పైకి చలిని అంటిపెట్టి ఉంచుతది. సిరిసిల్ల అభిమానంతోని ఎవడన్న ఆడి బట్ట ఏసుకుందామంటే జర ఆలోచించు. ఆ మరమగ్గాల మీద పాలిస్టర్ బాగ నడుస్తది, పాలిస్టర్ తడిని తొందరగ ఇడుస్తది. గట్ల ఒళ్ళు ఆరిపోతే 'చలికి దిగలేకపోయిన' అని చెప్పుకునే మోకా పోతది.

5. కిరాయి దుకాన్ల తెలివి చూపెట్టు.

ఇది ముఖ్యమైన ముచ్చట, నిదానంగ చదువు.

బూట్లు ముందుగాల. దుకాన్దారు ఇచ్చే బూటుల ఏళ్ళు ముందట ఆనినట్టుంటయి, మడిమ లేవది, పిక్కకు గట్టిగ పడుతది. అది వద్దను. రెండు సైజులు పెద్దది అడుగు. లోపట మూడు జతల సాక్సులు ఏసుకో. సాక్సులు ఒత్తుకొని నెత్తురు ఆడక పాదం ఇంకా సల్లబడుతది, నువ్వు కాలు తిప్పితే బూటు తిరుగుతది కని స్కీ తిరగది. నడుస్తుంటె మాత్రం మస్తు హాయిగ ఉంటది. మనం ఎక్కువ సేపు చేసేది నడుసుడే.

బూటును స్కీకి పట్టి ఉంచే బైండింగ్ సంగతి ఇంకా మజా. దాని మీద ఒక నంబరు ఉంటది, డిన్ అంటరు. పడ్డప్పుడు ఎంత జోరు తగిలితే బూటు స్కీల నుంచి ఊడాలెనో ఆ నంబరు చెప్తది. దాన్ని పెట్టేటందుకు దుకాన్దారు బరువు, ఎత్తు, వయసు, బూటు అడుగు పొడుగు, నీకు ఎంత వస్తదో అడుగుతడు. ఇద్దరు ఆడపిల్లలు పక్కన నిలబడి ఇంటుంటె 'కొత్తోన్ని' అని ఎట్ల చెప్తవు? 'ఎక్స్‌పర్ట్' అని చెప్పు. బరువు గూడ పది కిలోలు పెంచి చెప్పు, ఆసామి లెక్క కనపడుతవు. అతను నంబరు పెంచి బిగిస్తడు. రేపు నువ్వు మెల్లగ పక్కకు ఒరిగి పడ్డప్పుడు స్కీ ఊడది, మోకాలు తిరుగుతది. మోకాలు లోపటి లిగమెంటు తెగితే ఆఫీసుల నెలల తరబడి ఇంటికాడ నుంచే పని. ఒక్క అబద్ధానికి ఇంత ఫలితం ఇంకెక్కడ దొరుకుతది?

ఇగ స్కీలు. లోతు మంచుకు నడుమ వెడల్పు ఉన్నయి కావాలె, వంద మిల్లీమీటర్లు, ఆ పైన. కొసలు పైకి లేచి ఉంటే మంచు మీద తేలుతయి. చదును వాలుకు డెబ్బై, ఎనభై మిల్లీమీటర్ల సన్నటియి సరిపోతయి. నువ్వు సన్నటియే తీసుకో. భుజం మీద మోసుడు తేలిక, కిరాయి తక్కువ. రంగు మాత్రం కోటుకు కలవాలె.

6. నల్లద్దాలు ఒక్కటే జత తీసుకపో.

కరీంనగర్ బస్టాండ్ ముందట కొన్నయి చాలు. మబ్బు పట్టిన రోజు కొండ మీద వెలుగు చప్పగైతది. నీడ పడది, గుంటేదో గడ్డేదో కన్ను పసిగట్టది. అప్పటికని పసుపు, గులాబి రంగు అద్దాల గాగుల్స్ అమ్ముతరు. పైసలు దండుగ. గుంట కనపడకపోతే దానికి భయపడే పనే లేదు.

7. ఎత్తుకు ఒక్క దినంలనే పో.

కొడిమ్యాల సముద్రానికి మూడు నాలుగు వందల మీటర్ల ఎత్తుల ఉంటది. గుల్‌మార్గ్ 2,650. తీగ మీద పోయే గండోలా మొదటి దశ 1998ల వచ్చింది, నడుమల ఉన్న కొంగ్‌దూరి దాకా తీసుకపోతది. 2005ల వచ్చిన రెండో దశ అఫర్వత్ మీద దగ్గర దగ్గర నాలుగు వేల మీటర్లకు తోలుతది. అక్కడ గాలి పీడనం సముద్ర మట్టం కాడ ఉన్నదాంట్ల పదికి ఆరు పాళ్ళే. తెలిసినోళ్ళు ఒకటి రెండు దినాలు కిందనే తిరిగి, నీళ్ళు తాగి, ఒంటిని అలవాటు చేసుకుంటరు. నువ్వు పొద్దున శంషాబాద్‌ల విమానం ఎక్కు, రాత్రి గుల్‌మార్గ్‌ల వేడి పుట్టేటందుకు రెండు పెగ్గులు బిగించు, తెల్లారి నేరుగ మీదికి పో. మందు తాగితే చర్మం కింద నెత్తురు పారి వేడనిపిస్తది, నిజానికి ఒంట్ల వేడి బయటికి పోతది. అనిపిస్తె చాలు. తలనొప్పి, వాంతి వస్తే 'రాత్రి రోగన్‌జోష్ సరిగ ఉడకలే' అను.

8. పండుకో. మంచే నీ కోసం ఆగుతది.

ఎండాకాలం దగ్గరపడ్డప్పుడు వాలుకు ఒక టైం టేబుల్ ఉంటది. రాత్రి గడ్డకట్టిన మంచు పొద్దుగాల రాయి. ఎండ తగిలినంక పైన రెండు అంగుళాలు మెత్తబడి గంటో గంటన్నరో స్కీకి బ్రహ్మాండంగ ఉంటది. స్కీయర్లు దాన్ని కార్న్ అంటరు, దాని కోసం గడియారం చూసుకుంట కూసుంటరు. ముందుగాల తూర్పు దిక్కు వాలు మెత్తబడుతది, తర్వాత దక్షిణం, ఎనుక పడమర. ఉత్తరం దిక్కు నీడల పొడి మంచు దినాల కొద్ది ఉంటది. ఇంత లెక్క ఎవడు చేస్తడు? పదకొండుకు లేచి, కహ్వా తాగి, రీల్స్ చూసి, రెండు గంటలకు బయలెల్లు. అప్పటికి మంచు మోకాటి దాకా జావ అయితది, నిటారు వాలు మీద తడి మంచు చరియలు జారే వేళ. వాలు మీద జనం గూడ ఉండరు. ఖాళీగ ఉన్నదని సంబురపడు. ఎందుకు ఖాళీగ ఉన్నదని అడగకు.

9. మంచు ఏదైనా మందు ఒక్కటే: వెనకకు వాలు.

లోతు పొడి మంచుల కొసలు మునుగుతయని భయం పుడుతది, వెంటనే వెనకకు కూసో. నిజంగ తెలిసినోడు నడుమల నిలబడుతడు, రెండు స్కీల మీద సమానంగ బరువు పెడతడు, కాళ్ళు దగ్గర పెట్టి, కొంచెం జోరు తోని, లయ తప్పకుంట ఒంగి లేస్తడు. జోరు ఉంటేనే స్కీలు తేలుతయి. నువ్వు మెల్లగ పో. ఒక్క కాలు మీదనే బరువు ఎయ్యి, అది మునుగుతది, ఇంకోటి దాని తొవ్వల అది పోతది. పది మలుపులల్ల తొడలు మండుతయి. మండుడే వ్యాయామం, జిమ్ పైసలు మిగిలినయి.

పెంకు మంచు వచ్చిందనుకో. ఇదొక్కటి కొడిమ్యాలోనికి ఎవ్వడు చెప్పే పని లేదు. చెరువు ఎండుతున్నప్పుడు మీది మట్టి పలక కట్టి గట్టిగ కనపడుతది, కాలు పెడితే పటేలున పగిలి మోకాలు దాకా బురదల దిగుతది చూడు, అచ్చం గదే. నిలబడేంత గట్టి కాదు, కోసుకపోయేంత మెత్తా కాదు. స్కీ పలక కింద ఇరుక్కొని అటే పోతది, నువ్వు ఇటు పోతవు. పాత కాపులు ఆడ రెండు కాళ్ళు కలిపి ఎగిరి గాలిల తిప్పుతరు, లేకుంటే మలుపే తియ్యకుంట అడ్డంగ పోయి ఒడ్డుకు చేరుతరు. నువ్వు చదును వాలు మీద యూట్యూబ్‌ల చూసిన మలుపే, అంతే ధీమాగ తియ్యి. చిన్నప్పుడు చెరువుల దిగబడితే తాత తుండుగుడ్డ ఏసి గుంజిండు. ఈడ తాత లేడు, ఎవడో ఒకడు వస్తడు.

ఇగ గాలి కొట్టిన మంచు. గాలి ఒక దిక్కు మంచును ఊకి గుట్ట అవతలి దిక్కు పోస్తది. పోసిన కాడ నున్నగ, తెల్లగ, ఒక్క గీత లేకుంట ఉంటది. కర్రతోని కొడితే డొల్ల సప్పుడు వస్తది, అడుగు పెడితే లోపట 'హుమ్మ్' అని కుంగుతది, చుట్టూ పగులు పారుతది. ఇవన్ని మంచు పలక జారబోతున్నదని చెప్పే గుర్తులు. నువ్వు కొండే స్వాగతం చెప్తున్నదనుకొని నడుమలకే పో. ఫోటోకు ఇంత శుభ్రమైన తెలుపు ఇంకెక్కడా రాదు. మీద శిఖరం కాడ గాలి చెక్కిన అలలు గట్టిగ, కత్తి అంచుల తోని ఉంటయి. వాటి మీద పండ్లు బిగపట్టకు, నాలుక మధ్యల పెట్టు.

10. పక్కకు జారుడు, నిలబడి తిరుగుడు అసలే నేర్చుకోకు.

స్కీలు వాలుకు అడ్డం పెట్టి, అంచులు కొంచెం వదిలి మెల్లగ కిందికి జారొచ్చు. ఎంత చెడ్డ మంచైనా, ఎంత నిటారైనా క్షేమంగ దిగిపిస్తది. ఒక్కొక్క స్కీ లేపి ఉన్న కాడనే వెనకకు మళ్ళుడు ఇంకోటి. రెండూ కలిపి ఒక పూటల వస్తయి. కని ఇవి వీడియోల బాగ కనపడయి, ముసలోళ్ళు చేసే పనులు. పరువు ముఖ్యం.

11. పడ్డప్పుడు పద్ధతి పాటించు.

లోతు మంచుల పడితే ఒక స్కీ ఊడిపోయి మంచు కింద దాక్కుంటది. ఎక్కువసార్లు అది నువ్వు ఆగిన కాడికి మీదనే, పడ్డ కాడనే ఉంటది. అందుకే నువ్వు కింద దిక్కు తవ్వు. గంట సేపు తవ్వు. కొందరు స్కీకి ఎర్ర ఫీత కట్టుకుంటరు, వెతికేటప్పుడు దొరుకుతదని. ఫీత కడితే కొత్తోడని తెలిసిపోతది, వద్దు.

లేచేటప్పుడు కర్రను నిలువుగ గుచ్చి దాని మీద బరువెయ్యి. కర్ర పిడి దాకా మంచుల దిగుతది, దాని ఎనుక చెయ్యి, చెయ్యి ఎనుక భుజం, భుజం ఎనుక మొఖం. రెండు కర్రలను ఒకదాని మీద ఒకటి అడ్డంగ పరిచి ఒత్తితే లేవొచ్చని పక్కనుంచి ఒకడు అరుస్తడు. వాని మాట ఇనకు. చేతులు సాపి 'భయ్యా' అని పిలువు. కాశ్మీరోళ్ళు మంచోళ్ళు, వస్తరు.

12. అలిసిపోతే చెట్టు కిందికి పో.

కింది అడవిల దేవదారు జాతి చెట్ల కొమ్మలు కిందికి ఒంగి మొదలు చుట్టూ మంచు పడనియ్యవు. ఆడ కంటికి కనపడని బొక్క ఉంటది, తలకిందులుగ పడితే ఒంటిగ లేచుడు కష్టం. ఎండాకాలం ఏప చెట్టు కింద కూసున్నోడివి, చెట్టంటే నీకు నమ్మకం. ఆ నమ్మకం ఈడ గూడ ఉంచు. జంట లేకుంట ఒక్కడివే పో, నీడ మొత్తం నీదే.

13. గైడ్‌ను ఫుకట్‌కు వాడుకో.

గైడ్‌కు పైసలిచ్చుడు పెద్దోళ్ళ రోగం. పొద్దుగాల గండోలా కాడ ఫిరంగోళ్ళు గైడ్ ఎంబడి లైన్ల ఉంటరు. వాళ్ళ ఎనుక ముప్పై గజాల దూరంల మెల్లగ పో, పట్టనట్టు ఫోన్ చూసుకో. వాళ్ళు ఆగితే బూటు సదురుకో. వాళ్ళు ఒక్కొక్కరే వాలు దాటుతరు, మిగిలినోళ్ళు గట్టి కాడ నిలబడి చూస్తరు. నువ్వు అందరు పోయినంక పో. వాళ్ళ గీతలు ఉన్నయంటే వాలు గట్టిదని అనుకో. పది మంది పోయినంక పదకొండో వాని కింద ఇరిగిన కథలు శానా ఉన్నయి కని, నువ్వు పన్నెండో వాడివని లెక్క చెప్పుకో.

14. ముగ్గురు సోపతిగాళ్ళు, ఒక్క కిట్టు.

మంచు చరియ కింద పడితే వెతికేటందుకు మూడు సామాన్లు కావాలె: 457 కిలోహెర్ట్జ్ మీద సంకేతం పంపే బీకన్, గుచ్చి చూసే పొడుగు ప్రోబ్, తవ్వేటందుకు పార. ప్రతి ఒక్కని కాడ మూడూ ఉండాలెనంటరు. ముగ్గురికి తొమ్మిది సామాన్ల కిరాయి! బంగారమా? ఒక్క కిట్టు తీసుకొని పంచుకోండ్రి. ఒకనికి బీకన్, ఒకనికి ప్రోబ్, ఒకనికి పార. బీకన్ లేనోడు మునిగితే బీకన్ ఉన్నోనికి ఏం వినపడది. బీకన్ ఉన్నోడే మునిగితే మిగిలినోళ్ళకు వినే యంత్రమే లేదు. పార పట్టినోన్ని అందరికన్న ముందు కిందికి తోలుండ్రి, కింద హోటల్ల సమోసాలకు చెప్పి పెడతడు.

మంచు కింద నుంచి పావుగంట లోపల తీస్తే పదిల తొమ్మిది మంది దాకా బతుకుతరని, అరగంట దాటితే మూడింట ఒక వంతే మిగులుతరని అధ్యయనాలు చెప్తయి. పార మళ్ళ మీదికి వచ్చేటందుకు గండోలా లైన్ల అంతకన్న ఎక్కువ సేపు పడుతది. అది గండోలా తప్పు, మీది కాదు. బీకన్‌ను ఫోన్‌తోని కలిపి ఒక్కటే జేబుల పెట్టుకో. ఫోన్ దగ్గరుంటె సంకేతం చెదురుతది, కని జేబులు వెతుకులాడే బాధ తప్పుతది.

15. బోర్డును ఫస్ట్ క్లాస్‌ల చదువు.

డీఆర్‌డీఓ కింద డీజీఆర్‌ఈ అని ఒక సంస్థ మంచు చరియల హెచ్చరికలు ఇస్తది. వాలు కాడ కాపు కాసే స్కీ పెట్రోల్‌ది ఇంకో ముచ్చట. ప్రమాదానికి ఐదు మెట్లు ఉంటయి. బోర్డు మీద మూడు అని ఉన్నదనుకో. ఐదుకు మూడంటే 60 శాతం, ఫస్ట్ క్లాస్, సంతోషించు. యూరప్ దిక్కు స్కీయర్ల ప్రాణాలు మస్తుగ పోయేది ఈ మూడో మెట్టు నాడే. నాలుగు, ఐదు నాడు జనం భయపడి ఇంట్లుంటరు, మూడు నాడు ధైర్యం చేస్తరు.

పెట్రోల్ మనిషి ఆపి పాత ముచ్చట్లు చెప్తడు. 2010 ఫిబ్రవరి 8 నాడు వార్‌ఫేర్ స్కూల్ సైనికులు శిక్షణల ఉండంగ చరియ పడి 17 మంది పోయిండ్రు. 2023 ఫిబ్రవరి 1 నాడు అఫర్వత్ మీద ఇద్దరు పోలండ్ స్కీయర్లు. 2024 ఫిబ్రవరిల ఒక రష్యా మనిషి. వీళ్ళల్ల ఎవ్వరూ స్కీ రానోళ్ళు కారు. అందుకే నీకు భయం లేదు, నీకు స్కీ రాదు. చెవుల ఇయర్‌ఫోన్ పెట్టుకొని తల ఊపు. కొత్త మంచు పడ్డ మొదటి ఒకటి రెండు దినాలే అన్నిటికన్న ప్రమాదమని చెప్పినప్పుడు ఇంకా జోరుగ ఊపు, ఎందుకంటే నీ సెలవు రేపటితోని ఒడుస్తది.

వాలు కొలిచే యాప్ ఫోన్ల ఉంటది. 30 నుంచి 45 డిగ్రీల వాలు మీదనే చరియలు ఎక్కువ జారుతయి. కొలవకు. బ్యాటరీ ఫోటోలకు కావాలె.

16. గ్రూప్ ఫోటో వాలు నడుమల.

ముగ్గురూ ఒక్కటే సారి, ఒక్కటే కాడ, నిటారు వాలుకు సరిగ్గ మధ్యల నిలబడుండ్రి. 'జై తెలంగాణ' అని ఒక్క తాప ఎగురుండ్రి.

17. సాకులు ముందే ఉతికి ఇస్త్రీ చేసి పెట్టుకో.

స్కీ రాదని ఒప్పుకునేటోడు బతుకుల పైకి రాడు. ప్రతి మంచుకు ఒక సాకు ఉంటది, దేనికి ఏది ఒప్పుతదో నేర్చుకో. పొడి మంచుల పడితే 'శానా లోతున్నదిరా, నడుము దాక' అను. చేతితోని నడుము చూపెట్టు, మోకాలే అయినా సరే. గడ్డ మీద జారితే 'అంచులు పదును పెట్టలే, కిరాయోడు మోసం చేసిండు' అను. పెంకు మంచుల పడితే ఏం చెప్పే పని లేదు, పెద్ద స్కీయర్లు గూడ పెంకును తిడతరు. నువ్వు గూడ ఇంగ్లిషుల తిట్టు, వాళ్ళల్ల కలిసిపోతవు. జావ మంచుకు వాతావరణ మార్పును అను, చదువుకున్నోడని అంటరు.

ఈ సాకులన్ని ఒడిసినంక 'బూటు కరుస్తున్నది' అను. బూటు సాకు ఎప్పుడూ తిరగబడది, ఎందుకంటే బూటు లోపట ఎవ్వడూ చూడడు. ఒక్క జాగ్రత్త: మొన్న ఎడమ కాలని, ఇయ్యాల కుడి కాలని చెప్పకు. మీ సోపతిగాడు గిట్ల చెప్పినప్పుడు మాత్రం నమ్మకు. 'నీకు రాదని చెప్పరాదు' అని పది మందిల అను.

18. ఇంటికొచ్చినంక.

కాలుకు పట్టీ ఉంటె ఊరు ఊరంత చూడనీకి వస్తది. గోడకు ఆనుకొని కూసో. అవ్వ 'ఏమైంది బిడ్డా' అంటే 'హిమాలయాలల్ల పడ్డ' అను. కొడిమ్యాల నుంచి జగిత్యాల దాకా ఆ మాటకు ఎదురు లేదు. ఎత్తు నాలుగు వేల మీటర్లని చెప్పు, ఆ ఎత్తుకు గండోలాల కూసొని పోయినవని చెప్పకు. మామ 'మంచు ఎట్లుంటది అల్లుడూ' అని అడిగితే నాలుగు రకాల పేర్లు గడగడ చెప్పు. పేర్లు వస్తె చాలు.

తర్వాత కోరుట్లల ఒక గది కిరాయికి తీసుకొని 'హిమాలయన్ స్కీయింగ్ కోచింగ్' అని ఫ్లెక్సీ కట్టు. ఫోటో ఉన్నది, పట్టీ ఉన్నది, బావ వీడియో ఉన్నది. పిల్లలు వస్తరు. పాఠం ఈ చిట్కాలే చెప్పు, కొత్తగ కష్టపడకు. ఫీజు మొత్తం ముందుగాలనే తీసుకో. 'సగం ఇప్పుడు, సగం గుల్‌మార్గ్ నుంచి వచ్చినంక ఇస్త అన్నా' అనేటోన్ని అస్సలు చేర్చుకోకు. నీ కాడ నేర్చుకొని పోయినోడు వచ్చినంక గదా ఇచ్చేది.